ఆపరేషన్ అయ్యాక చుక్క లేచి నిలబడే దాకా

"స్క్రూలు బాగా కూర్చున్నాయి" అని డాక్టరమ్మ చెప్పగానే నేను ఇంటికి ఫోన్ చేసి గండం గడిచిందన్నాను. అప్పటికి చుక్క ఇంకా మత్తులోనే ఉంది. గుర్రం విషయంలో అసలు గండం కత్తి పక్కన పెట్టాక మొదలవుతుందని నాకు ఆ రోజే తెలిసింది.

చుక్క మా ఆడగుర్రం. నుదుటి మీద తెల్లచుక్క ఉంటుంది, అందుకే ఆ పేరు. పందేలు మానేశాక మొయినాబాద్ వైపు ఉన్న మా షెడ్డుకి వచ్చింది. పోయిన చలికాలంలో ఒక పొద్దున దౌడు మధ్యలో ఆగిపోయి కుడి వెనక కాలు పైకి ఎత్తేసింది. ఎక్స్‌రేలో డెక్క పైన కీలు దగ్గర ఎముకకు సన్నటి చీలిక కనబడింది. రెండు స్క్రూలు వేయాలన్నారు.

సంతకం పెట్టించుకునే ముందు డాక్టరమ్మ ఏదీ దాచలేదు. బ్రిటన్ పరిశోధకులు 40 వేలకు పైగా గుర్రాల మీద చేసిన అధ్యయనం 2002లో వచ్చిందట. కడుపునొప్పి ఆపరేషన్లు పక్కన పెట్టినా, మత్తు ఇచ్చిన ప్రతి వంద గుర్రాల్లో దాదాపు ఒకటి వారంలోపు చనిపోయింది. ఆ చావుల్లో పావు వంతు లేచేటప్పుడు ఎముక విరిగినవే. మెలకువ రాగానే పారిపోవాలన్నది గుర్రం పుట్టుకలోనే ఉంది. కాళ్లలో పట్టు రాకముందే లేవబోతుంది, పడుతుంది.

ఆపరేషన్ అనుకున్న దానికంటే గంటన్నర ఎక్కువ పట్టింది. మొత్తం మూడు గంటలు చుక్క ఎడమ పక్కన పడుకునే ఉంది. తర్వాత నాలుగు గోడలకూ మెత్తలు బిగించిన గదిలోకి చేర్చి, లైట్లు తగ్గించి, తలకో తాడు, తోకకో తాడు కట్టి గోడ కడియాల్లోంచి బయటికి తీశారు. గుర్రం నోటితో ఊపిరి తీసుకోలేదు, ముక్కు వాస్తే ప్రమాదమని ముక్కులో గొట్టం కూడా ఉంచారు. నేనూ చాచా తలుపుకున్న చిన్న కిటికీలోంచి చూస్తున్నాం. చాచా పాతికేళ్లు రేసుకోర్సులో గుర్రాలను చూసుకునే సైసుగా చేసిన మనిషి. ఆయన పెదాలు కదులుతున్నాయి గానీ మాట బయటికి రావడం లేదు.

ముప్పావుగంటకు చెవి కదిలింది. మొదటిసారి లేవబోయి గోడకు గుద్దుకుని కూలబడింది. రెండోసారీ అంతే. మూడోసారి తాళ్లు బిగపట్టి ఆపితే నిలబడింది. ప్రాణం లేచొచ్చింది నాకు. అంతలోనే చాచా నా చెయ్యి పట్టుకున్నాడు. "బాబూ, ముందరి ఎడమ కాలు చూడు."

ఆ కాలు వేలాడుతోంది. మోచెయ్యి కిందికి జారిపోయింది, మోకాలు వంగింది, డెక్క కొస మాత్రం నేలకు ఆనుతోంది. ఒళ్లంతా చెమట, వణుకు. ఇంకో కాలు కూడా విరిగిందనుకున్నాను. డాక్టరమ్మ తడిమి చూసి నా చెయ్యి కూడా అక్కడ పెట్టించింది. మోచెయ్యి పైన కండ ఎండిన చెక్కలా ఉంది. మత్తు గ్యాస్‌కి రక్తపోటు పడిపోతుంది. నాలుగున్నర క్వింటాళ్ల బరువు కింద నలిగిన కండకు రక్తం అందదు. పరుపు వేసినా, కింది కాలిని ముందుకి లాగి పెట్టినా, ఒక్కోసారి ఇలా అవుతుందట. కాసేపటికి పోసిన మూత్రం డికాక్షన్ రంగులో ఉంది. దెబ్బతిన్న కండ కరిగి అలా బయటికి వస్తోంది, అది కిడ్నీలను పాడు చేయకుండా చూడాలన్నారు. సీసా మీద సీసా సెలైన్ ఎక్కించారు. నొప్పికి ఇంజెక్షన్లు ఇచ్చారు. పైపు ముక్కను నిలువుగా కోసి, దూది చుట్టి మోకాలి వెనక బిగించి కట్టారు. మోకాలు వంగకుండా ఆగేసరికి ఆ కాలి మీద కాస్త బరువు వేయగలిగింది. వణుకు తగ్గింది.

ఆ రాత్రి నేను ఫోన్లో చదవకూడనివన్నీ చదివాను. అమెరికాలో రఫియన్ అనే ఆడగుర్రం 1975 జులైలో పందెంలో కాలు విరగ్గొట్టుకుంది. ఆపరేషన్ అయ్యాక మెలకువ వస్తూనే కొట్టుకుని కట్టు పగలగొట్టుకుంది. తెల్లారకముందే దానికి ప్రాణం తీసే ఇంజెక్షన్ ఇవ్వాల్సి వచ్చింది. 2006లో బార్బరో అనే ఇంకో పందెం గుర్రానికి వెనక కాలు విరిగితే, ఆపరేషన్ అయ్యాక దాన్ని నీళ్ల కొలనులో తేలుతూ మేలుకొనేలా చేశారు, బాగానే లేచింది. కానీ బరువంతా మోసిన రెండో వెనక కాలి డెక్క లోపల పాడై, 2007 జనవరిలో దాన్నీ కోల్పోయారు. అందుకే చుక్క మంచి కాళ్ల డెక్కలు వేడెక్కాయేమోనని గంటగంటకూ చెయ్యి పెట్టి చూశాం. ఐసు బకెట్లు మోశాం.

రెండో భయం పొట్ట. మత్తు తర్వాత పేగులు మందగిస్తాయి. లద్దె పడకపోతే కడుపునొప్పి మొదలవుతుంది. రెండో రోజు రాత్రి రెండు గంటలప్పుడు చాచా నన్ను తట్టి లేపాడు. "వేసింది బాబూ, లద్దె వేసింది!" టార్చి వేసి చూస్తే చిన్న చిన్న ఉండలు, గట్టిగా ఉన్నాయి. ఇద్దరం వాటిని చూస్తూ ఏడ్చేశాం.

మూడో రోజుకి మూత్రం తేటపడింది. అయిదో రోజున కట్టు విప్పితే ఎడమ కాలు తనంతట తనే ముందుకి వేసింది, ఒకే ఒక్క అడుగు. అప్పటిదాకా పచ్చిగడ్డే తిన్నది. ఇల్లు చేరిన వారానికి నానబెట్టిన ఉలవలు ఒక గుప్పెడు పెట్టాం. రెండు నెలలు కొట్టంలోనే ఉంచి, ఆ తర్వాత చేత్తో పట్టుకుని రోజుకు పది నిమిషాలు నడిపించాం. వెనక కాలి ఎముక చక్కగా అతుక్కుంది.

ఎవరైనా గుర్రానికి ఆపరేషన్ అంటే నేనిప్పుడు అడిగే ప్రశ్నలు వేరే ఉన్నాయి. లేపే గది ఎలా ఉంది, ఎంతసేపు పడుకోబెడతారు, ఏ పక్కన, రక్తపోటు ఎవరు చూస్తారు, మొదటి మూడు రాత్రులు పక్కన ఎవరుంటారు.

చుక్క ఎడమ భుజం కింద ఇప్పటికీ చిన్న గుంట ఉంది, నా అరచెయ్యి సరిగ్గా పడుతుంది అందులో. చాచా ఒళ్లు రుద్దేటప్పుడు అక్కడికి రాగానే బ్రష్ పక్కన పెట్టి వట్టి చేత్తో రుద్దుతాడు. అది కళ్లు సగం మూసుకుని, కింది పెదవి వేలాడేసి అలాగే నిలబడుతుంది.