చౌటుప్పల్ దగ్గర తగిలిన రాయి

మే రెండో వారం. పొద్దున ఏడున్నరకు ఎల్బీనగర్ దాటి 65వ నంబరు జాతీయ రహదారి ఎక్కాం. విజయవాడ ఇక్కడికి సుమారు 275 కిలోమీటర్లు. ఈ దారిలో పొద్దున పూట వెళ్తే ఎండ సూటిగా ముందు అద్దం మీదే పడుతుంది. ఈ సంగతి తర్వాత పనికొస్తుంది.

చౌటుప్పల్ దగ్గర ముందు కంకర టిప్పర్ వెళ్తోంది, పైన పట్టా లేదు. టక్కున శబ్దం, అద్దానికి ఎడమవైపు తెల్లటి చుక్క. అందరూ రాయి లోడు మీదనుంచి పడిందనుకుంటారు. చాలాసార్లు అది పడేది టైర్ల నుంచే. వెనక జంట టైర్ల సందులోనో, టైరు గాడుల్లోనో ఇరుక్కున్న కంకర, వేగం అందుకోగానే వెనక్కి ఎగురుతుంది. అందుకే పట్టా కట్టిన టిప్పర్ వెనకైనా దగ్గరగా పోకూడదు. గంటకు 80 కిలోమీటర్ల వేగంలో బండి సెకనుకు 22 మీటర్లు పోతుంది. మూడు సెకన్ల ఎడం అంటే 66 మీటర్లు. మేము అందులో సగం కూడా వదల్లేదు.

పక్కన ఆపి మొదట లోపలివైపు గోటితో గీరి చూశాం. నున్నగా ఉంది. ముందు అద్దం ఒక పలక కాదు. సుమారు రెండేసి మిల్లీమీటర్ల గాజు పలకలు రెండు, వాటి మధ్య 0.76 మి.మీ. మందాన పీవీబీ అనే ప్లాస్టిక్ పొర. లోపల గోటికి ఏమీ తగల్లేదంటే దెబ్బ బయటి పలక వరకే ఆగిందని అర్థం. రెండు పలకలూ పగిలితే రిపేరు (పగుల్లో రెసిన్ అనే జిగురు ద్రవం నింపి గట్టిపరచడం) మాటే వద్దు, అద్దం మార్చాల్సిందే. పక్క కిటికీల అద్దాలు, చాలా కార్లలో వెనక అద్దమూ వేరే రకం. వాటిలో మధ్య పొర ఉండదు. దెబ్బ తగిలితే పలుకులు పలుకులుగా రాలిపోతాయి, వాటికి రిపేరు లేదు.

మా దెబ్బ నడుమ చిన్న గుంట, దాని చుట్టూ కాళ్లలా మూడు సన్న పగుళ్లు. మొత్తం కలిపి 12 మి.మీ. ఉంటుంది. దీన్ని స్టార్ అంటారు. గుండ్రంగా పెచ్చు లేస్తే బుల్స్ ఐ. బుల్స్ ఐ నింపడం తేలిక. స్టార్‌కు కాళ్లుంటాయి కాబట్టి అది పాకుతుంది.

పొడి గుడ్డతో తుడిచి, పారదర్శకంగా ఉండే పార్శిల్ టేపు ముక్క అంటించాం. నీళ్లు తగలనివ్వలేదు, వేలితో నొక్కలేదు. టేపు వేసేది పగులును ఆపడానికి కాదు, దుమ్మూ తడీ లోపలికి పోకుండా. దాన్ని పీకినప్పుడు జిగురు కాస్త మిగిలినా పైన మిగులుతుందే తప్ప పగుల్లోకి దిగదు. ఫెవిక్విక్ మాత్రం వెయ్యొద్దు. అది పగులు నోట్లోనే గట్టిపడి అసలు రెసిన్‌కు దారి మూసేస్తుంది. టూత్‌పేస్టు, గోళ్ల రంగు కూడా అంతే, లోపలికి చేరిన మురికిని మళ్లీ తీయలేం.

తర్వాత మార్కర్‌తో లోపలివైపు ఒక్కో కాలి కొన దగ్గర ఒక్కో చుక్క పెట్టాం. పగులు బయటి పలకలో, చుక్క లోపలి పలక మీద ఉంటాయి కనుక పక్కనుంచి చూస్తే జరిగినట్టు కనిపిస్తుంది. ముఖం నేరుగా అక్కడికి పెట్టి చూడాలి. పగులు పాకిందా లేదా అన్నది కళ్లతో ఊహించుకుంటే భయమైనా ఎక్కువవుతుంది, ధీమా అయినా ఎక్కువవుతుంది. చుక్క ఉంటే ఆ తంటా లేదు.

నార్కట్‌పల్లిలో చూస్తే చుక్కలు దాటలేదు. సూర్యాపేటలో చూస్తే ఒక కాలు 3 మి.మీ. దాటింది. ఎందుకో దారి గుర్తు చేసుకుంటే తెలిసింది. ఎండ ఎదురు కావడంతో ఏసీ గాలి అద్దం మీదికి మళ్లించాం. ఎండకు అద్దమంతా వేడెక్కి సాగి ఉంటుంది. చల్లగాలి తగిలిన చోటు ముడుచుకుంటుంది, చుట్టూ ఉన్నది ముడుచుకోదు. ఆ లాగుడంతా పగులు కొన మీద పడుతుంది. అప్పటినుంచి గాలి ముఖం వైపే, ఫ్యాను తక్కువలో, 26 దగ్గర పెట్టాం. తలుపులు ధనాధన్ వేస్తే లోపలి గాలి అద్దాన్ని బయటికి నెడుతుంది, అందుకని ఒక కిటికీ రెండు వేళ్లంత దించే ఉంచాం. సర్వీసు రోడ్డులో ఒక్క చక్రమే గుంటలో దిగితే బాడీ మెలి తిరుగుతుంది, అద్దమూ దానితోపాటే. స్పీడ్ బ్రేకర్ మీదికి రెండు చక్రాలూ ఒకేసారి ఎక్కేలా నిదానంగా పోవాలి.

సూర్యాపేటలో టిఫిన్‌కు ఆగినప్పుడు కార్లు కడిగే కుర్రాడు బకెట్టుతో వచ్చాడు. ఆపకపోతే కాలుతున్న అద్దం మీద చన్నీళ్లు పడేవి. దానికి మించిన హాని లేదు. బండి రేకుల షెడ్డు కింద పెట్టించాం.

కోదాడ, చిల్లకల్లు, నందిగామ, ఇబ్రహీంపట్నం మీదుగా విజయవాడ చేరి, నేరుగా ఆటోనగర్‌లో ఒక అద్దాల షాపుకు వెళ్లాం. అతను అడిగిన మొదటి ప్రశ్న, "తడి తగిలిందాండీ?" లేదన్నాం. తడి తగిలితే ముందు నిదానంగా వెచ్చబెట్టి ఆరబెట్టాలి. లేకపోతే రెసిన్ కింద పాలపొంగులా తెల్ల మచ్చ ఉండిపోతుంది.

ఎంతవరకు రిపేరు, ఎక్కడినుంచి మార్పు అన్నది నాలుగు విషయాలు చూసి తేలుస్తారు: దెబ్బ పరిమాణం, చోటు, లోతు, వయసు. ఐదు రూపాయల బిళ్ల కింద దాగిపోయే దెబ్బ సాధారణంగా రిపేరుకు వస్తుంది. అద్దం అంచుకు దగ్గరగా మొదలైన పగులు నిలవడం కష్టం, అక్కడ గాజులో ఒత్తిడి ఎక్కువ. డ్రైవరు కళ్లెదుట ఉంటే చిన్నదైనా ఆలోచించాలి. నింపినా కొంత గుర్తు మిగులుతుంది, రాత్రి ఎదుటి బండి లైటుకు అది మెరుస్తుంది. బ్రిటన్‌లో ఏటా చేసే వాహన పరీక్షలో స్టీరింగ్‌కు ఎదురుగా 290 మి.మీ. వెడల్పు పట్టీలో 10 మి.మీ. మించిన దెబ్బ ఉంటే బండి ఫెయిల్. మిగతా తుడిచే భాగంలో 40 మి.మీ. వరకు ఒప్పుకుంటారు. మన దగ్గర కూడా చూసుకోవడానికి ఇది మంచి కొలతే.

బండిని నీడలో పెట్టించి అరగంట ఏమీ చేయలేదు. అతని మీద గౌరవం కలిగింది అక్కడే. రెసిన్ అతినీలలోహిత (యూవీ) కాంతికి గట్టిపడేది, ఎండలో చేస్తే పగుల్లోకి దిగకముందే గట్టిపడిపోతుంది. అద్దం వేడిగా ఉంటే ఒత్తిడి పెట్టినప్పుడు కాళ్లు ఇంకా సాగుతాయి. అద్దం ముట్టుకుంటే గోరువెచ్చగా కూడా ఉండకూడదు.

సన్న సూదితో గుంటలోని గాజు పొడి గీకి తీశాడు. అద్దానికి సక్షన్ కప్పులతో పట్టుకునే స్టాండు బిగించి, దాని మొన గుంట మీద సరిగ్గా కూర్చోబెట్టాడు. నాలుగైదు చుక్కల రెసిన్ పోసి, ముందు లోపలి గాలి లాగాడు, తర్వాత ఒత్తిడి పెట్టాడు. మళ్లీ లాగడం, మళ్లీ నెట్టడం. ఇదంతా ఇరవై నిమిషాలు పట్టింది. కాళ్లు నల్లగా మెరుస్తున్నంతసేపూ లోపల గాలి ఉన్నట్టే. ఒక కాలు మొండికేసింది. లోపలివైపునుంచి వేలితో మెల్లగా ఒత్తాడు, పగులు వెంట్రుకవాసి తెరుచుకుని రెసిన్ తాగేసింది. తొందరపడే షాపులు ఆ కాలిని అలాగే వదిలేసి లైటు పెట్టేస్తాయి. నెల తిరక్కుండా పగులు అక్కడినుంచే మొదలవుతుంది, ఒకసారి గట్టిపడ్డాక రెండోసారి నింపడం కుదరదు. అందుకే లైటు పెట్టకముందే అన్ని కోణాల్లోంచీ మనం కూడా చూడాలి.

పైన చిక్కటి రెసిన్ ఒక చుక్క, దాని మీద పారదర్శక ప్లాస్టిక్ బిళ్ల, ఐదు నిమిషాలు యూవీ లైటు. తర్వాత బ్లేడును అద్దానికి నిలువుగా పట్టి గీకి, పాలిష్ పెట్టాడు. 800 రూపాయలైంది.

పక్కనే ఒక కారుకు అద్దం మారుస్తున్నారు. పాత జిగురును అంచున రెండు మిల్లీమీటర్లు వదిలి కోశారు. గీరుకుపోయిన రేకుకు ప్రైమర్ పూశారు, పూయకపోతే తుప్పు పట్టి జిగురు ఊడుతుంది. యూరెథేన్ జిగురు గీత ఎక్కడా తెగకుండా చుట్టూ వేయాలి, తెగినచోట వాన నీరు కారుతుంది. ఎంతసేపటికి బండి కదపొచ్చో ఆ జిగురు ట్యూబు మీద ఉంటుంది, అదే పాటించాలి. ప్రమాదంలో ప్యాసింజర్ ఎయిర్‌బ్యాగు చాలా కార్లలో ఈ అద్దానికే ఆనుకుని నిలబడుతుంది. అద్దం వెనక కెమెరా ఉన్న కారైతే దాన్ని మళ్లీ క్యాలిబ్రేట్ చేయించాలి, అంటే దాని చూపు సరిగ్గా కుదిరేలా సెట్ చేయించాలి. ఫాస్టాగ్ కూడా పోతుంది. పీకితే చిరిగి పనిచేయకుండా పోయేలానే దాన్ని తయారుచేస్తారు, కనుక బ్యాంకును అడిగి కొత్తది తెచ్చుకోవాలి. లేకుండా టోల్ గేటుకు వెళ్తే మామూలు కన్నా ఎక్కువ కట్టాలి.

బీమా లెక్క కూడా చూడాలి. గాజుకు తరుగుదల కోత (పాతబడిందని డబ్బు తగ్గించడం) లేదు, అది మేలు. కానీ 1500 సీసీ లోపు కారుకు 1000 రూపాయలు, ఆపైన 2000 మన చేతినుంచే పోతాయి. పైగా క్లెయిమ్ చేస్తే మామూలు పాలసీలో నో క్లెయిమ్ బోనస్ (క్లెయిమ్ లేని ఏళ్లకు ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు) పోతుంది. ఐదేళ్లు దాచుకున్న 50 శాతం బోనస్ ఉన్నవాళ్లు చిన్న దెబ్బకు క్లెయిమ్ పెట్టడం నష్టం.

ఒక రోజంతా కడగలేదు. మూడో రోజు తిరుగు ప్రయాణంలో చౌటుప్పల్ దగ్గర ఆపి నేరుగా ముఖం పెట్టి చూశాం. రెండు కాళ్లు మొదటి చుక్కల దగ్గరే ఉన్నాయి, మూడోది సూర్యాపేటలో ఆగిన చోటే ఉంది. దూదికి స్పిరిట్ అద్ది చుక్కలు తుడిచేశాం.