ఓడ అడుగున మా నగరి చప్పుడు

మాది నగరి. తిరుపతిలో చెన్నై బస్సు ఎక్కితే పుత్తూరు దాటినాక వస్తుంది. బస్సు దిగి మా వీధిలోకి తిరగక ముందే మరమగ్గాల చప్పుడు చెవిన పడుతుంది. ఆ చప్పుడులోనే పదో తరగతి చదివాను, ఆ చప్పుడులోనే నిద్రపోయాను. కరెంటు పోయి మగ్గాలు ఆగితే మా ఇంట్లో అందరికీ మెలకువ వచ్చేది.

దాని నుంచి పారిపోదామనే ఓడ ఉద్యోగం అనుకున్నాను. రెయిలింగ్ పట్టుకుని సముద్రం చూస్తూ నిలబడటమే ఉద్యోగం అన్నట్టు ఊహించుకున్నాను. ఆరు నెలల జీపీ రేటింగ్ కోర్సు చేశాను. జీపీ అంటే జనరల్ పర్పస్. డెక్ మీద వేసినా, ఇంజిన్ రూములో వేసినా చేయాలి. ఇంగ్లిష్, లెక్కలు, సైన్సుతో పది పాసై, మొత్తం మీద 40 శాతం, ఇంగ్లిష్‌లోనూ 40 శాతం ఉంటే కూర్చోవచ్చు. రంగులు గుర్తుపట్టలేని కన్ను అయితే మాత్రం కుదరదు.

కోర్సు అయింది, నావికుడి గుర్తింపు పుస్తకం సీడీసీ కూడా చేతికొచ్చింది, ఓడే దొరకలేదు. ఒక ఏజెంటు జాయినింగ్ ఇప్పిస్తానని లక్షన్నర తీసుకుని ఫోన్ ఎత్తడం మానేశాడు. అమ్మ కమ్మలు అట్లా పోయాయి. ఉద్యోగం ఇప్పిస్తామని నావికుడి దగ్గర డబ్బు తీసుకోవడమే చట్టవిరుద్ధమని, నావికులను ఉద్యోగాల్లో పెట్టేందుకు సర్కారు ఇచ్చే ఆర్‌పీఎస్‌ఎల్ లైసెన్సు ఉన్నవాళ్ల ద్వారానే పోవాలని, ఆ లైసెన్సు నిజమో కాదో నౌకల వ్యవహారాలు చూసే సర్కారు ఆఫీసు డీజీ షిప్పింగ్ వెబ్‌సైటులో చూసుకోవచ్చని డబ్బు పోయాక తెలిసింది. కోర్సు చేస్తున్న తమ్ముళ్లు ఎవరైనా ఇది చదువుతుంటే ముందు ఆ పని చేయండి.

చివరికి చెన్నై నుంచి అండమాన్‌కు పోయే ప్రయాణికుల ఓడ దొరికింది. 1,300 కిలోమీటర్లకు పైనే, దాదాపు మూడు రోజుల దారి. పోర్ట్ బ్లెయిర్ పేరు 2024లో శ్రీ విజయపురం అయింది కానీ మా ఓడలో ఎవరి నోటా ఆ పేరు ఇంకా పలకడం లేదు.

మొదట డెక్ మీద వేశారు. డెక్ పని అంటే తుప్పు. చిప్పింగ్ సుత్తితో కొట్టడం, వైర్ బ్రష్‌తో రుద్దడం, ప్రైమర్ పూయడం, రంగు వేయడం. ఈ చివర పూర్తయ్యేసరికి ఆ చివర మళ్లీ తుప్పు. ఉప్పుగాలికి సెలవుల్లేవు. అది కూడా ప్రయాణికులు పడుకున్న వేళ కొట్టకూడదు, కింద బంకు పడకల్లో తల మీద కొట్టినట్టే ఉంటుంది. సముద్రం చూశావా అని అమ్మ ఫోన్‌లో అడిగితే, "చూడ్డానికి తల ఎత్తనిస్తే కదమ్మా" అన్నాను.

ఓడ కదిలే ముందు, రేవు నుంచి ఓడలోకి ఎక్కే దారి, గ్యాంగ్‌వే దగ్గర నిలబడి ముసలివాళ్ల చేయి పట్టి ఎక్కించాలి. డ్రిల్ రోజు ఏడు పొట్టి కూతలు, ఒక పొడవు కూత మోగగానే జనాన్ని, ప్రమాదమప్పుడు అందరూ గుమిగూడే చోటు, మస్టర్ స్టేషన్‌కు తోలాలి. సగం మందికి వాంతులు. లైఫ్ జాకెట్ కట్టడానికి కూడా లేవరు. ఒక పెద్దామె, "నన్ను ఇట్లే వదిలేయి నాయనా, మునిగితే మునుగుతా" అంది. నాకూ అప్పుడు కడుపులో తిప్పుతూనే ఉంది, కాబట్టి ఆమెకు చెప్పే ముఖం లేదు.

డెక్ మీద నాకు నిజంగా భయం వేసింది తాళ్లంటేనే. ఓడను రేవుకు కట్టేటప్పుడు లాగి పట్టిన తాడు తెగితే కొరడాలా వెనక్కి వచ్చి కాలు తీసేస్తుంది. డెక్ కూలీలకు పెద్ద అయిన మా సరంగు తూత్తుకుడి ఆయన. నేను నిలబడకూడని చోట నిలబడితే చొక్కా పట్టి పక్కకు లాగి, "తంబీ, రెండు కాళ్లు తెచ్చుకున్నావు, రెండూ తీసుకుపో" అన్నాడు. మా ఇంట్లో పోగు తెగితే ముడి వేసుకుని పని చూసుకుంటాం.

రెండు నెలల తర్వాత ఇంజిన్ రూముకు మార్చారు. డెక్ కుర్రాళ్లు జాలిపడ్డారు. నిచ్చెన దిగుతుంటేనే వేడి మొహాన కొట్టింది. పని నాలుగు గంటల వాచ్, అంటే కాపలా వంతు, తర్వాత ఎనిమిది గంటల విడుపు. ఓడ అడుగున మురికినీళ్లు చేరే బిల్జ్ తుడవాలి, ఇత్తడి గుండు కట్టిన టేపు ట్యాంకులోకి దించి నూనె ఎంతుందో కొలవాలి, నూనెను శుద్ధి చేసే ప్యూరిఫయర్ కడగాలి, గంటగంటకూ ఉష్ణోగ్రతలు, ప్రెషర్లు పుస్తకంలో రాయాలి. చెవులకు మఫ్‌లు తప్పనిసరి. ఒకరితో ఒకరు చేతి సైగలతోనే మాట్లాడాలి. మాతో దిగిన ఇంకో ట్రైనీకి వారం రోజులు తలనొప్పి. నాకేమో ఇంటికి వచ్చినట్టు ఉంది! సైగలతో మాట్లాడటం మా మగ్గాల షెడ్డులో చిన్నప్పుడే వచ్చు.

ఒక రాత్రి పన్నెండు-నాలుగు వాచ్‌లో ఒక పంపు దగ్గర ఏదో తేడాగా అనిపించింది. మఫ్‌ల్లోంచి శబ్దం సరిగా తెలియదు, అందుకే కవచం మీద చేయి పెట్టి చూశాను. అదురు నిన్నటిలా లేదు. గేజీల్లో అంతా మామూలే. చెప్పాలా వద్దా అని పది నిమిషాలు టెన్షన్ పడి, చివరికి సెకండ్ ఇంజినీరును, మా సెకండ్ సాబ్‌ను పిలిచాను. ఆయన పంపు మార్చి, విప్పించి చూశాడు. బేరింగ్ పోతోంది. నన్నేమీ పొగడలేదు. మరుసటి రోజు నుంచి రౌండ్‌కు వెళ్లేటప్పుడు మాత్రం తన వెంట రమ్మన్నాడు.

నాయన కూడా అంతే. ఆరు మగ్గాల మధ్య కూర్చుని, ఏ మగ్గంలో పోగును అటూ ఇటూ మోసే నాడె తిన్నగా పోవడం లేదో తల తిప్పకుండా చెప్పేస్తాడు. ఇప్పుడు ఆయనకు కుడి చెవి సరిగా వినిపించదు.

సెలవుకు వస్తూ చెన్నైలో ఆయన కోసం ఒక జత మఫ్‌లు కొన్నాను. పెట్టుకుని షెడ్డులోకి పోయాడు. అయిదు నిమిషాలకే తీసేసి, "ఏందిరా ఇది, మగ్గం ఏమంటా ఉందో నాకెట్లా తెలిసేది?" అన్నాడు. గొడవపడ్డాను. అమ్మ కూడా నా వైపే. సాయంత్రం షెడ్డులోకి తొంగిచూస్తే మఫ్‌లు తలకు అడ్డంగా ఉన్నాయి. వినిపించని కుడి చెవికి పెట్టుకుని, ఎడమ చెవి వదిలేశాడు.