సోలంగ్ మంచుల నలభై నిమిషాలు

సంక్రాంతి సెలవులకు మనాలి కాడ సోలంగ్‌ల మంచుల జారే స్కీయింగ్ ఆటకు పోయి, నిన్న పొద్దుగాల్ల నల్లగొండల దిగినం. ఎడమ మోకాలికి ఇంకా క్రేప్ బ్యాండేజీ ఉన్నది. రేపు స్కూలు తెరుస్తరు. మా స్టాఫ్ గ్రూపుల ఇప్పటికే ఒక వీడియో తిరుగుతున్నది. అండ్ల కనబడని సంగతులు నేనే చెప్పుకుంటే నయమని రాస్తున్న.

నేను జెడ్పీ హైస్కూల్ల పీఈటీని. 48 ఏండ్లు, 92 కిలోలు. చదువుకునే రోజుల్ల జిల్లా కబడ్డీ జట్టుకు ఆడిన. బరువు చూసి నవ్వకుండ్రి, ఇప్పటికీ మా పదో తరగతి పోరగాళ్లు నన్ను గీత దాటి లోపటికి గుంజలేరు. ఇది ముందే ఎందుకు చెప్తున్ననంటే, నా కొంప ముంచింది ఈ గర్వమే.

అసలు కథ పోయిన ఎండాకాలం మొదలైంది. మే నెలల నల్లగొండ 44 డిగ్రీలల్ల మాడుతుంటే మనాలి పోయినం. నేను, మా ఆమె, తొమ్మిది చదివే బిడ్డ, ఆరు చదివే కొడుకు, మా బామ్మర్ది కుటుంబం. అప్పుడు పద్ధతిగ తయారైన. ఆరు వారాలు ఆదివారం ఆదివారం అందర్ని మా దగ్గరి చెర్వుగట్టు గుట్ట మీది గుడికి తోలుకపోయి మెట్లెక్కిచ్చిన. వీపున బ్యాగు, బ్యాగుల నీళ్ల సీసాలు. జడల రామలింగేశ్వరుడికి మొక్కి, మూడు గుండ్ల సందుకెల్లి దూరి బయటపడేది. 92 కిలోల మనిషి ఆ సందుల పట్టిండంటే అది స్వామి దయనే, ఒప్పుకుంట.

అందుకే ఆ ట్రెక్కింగు మంచినీళ్లు తాగినంత అలకగైంది. మనాలి రెండు వేల మీటర్ల ఎత్తుల ఉంటది. పోయిన దినం ఏం చెయ్యకుండ పన్నం. తెల్లారి వశిష్ఠ ఊరికెల్లి జోగిని జలపాతం దాక నడిచినం. తర్వాత ధుండి నుంచి బకర్‌థాచ్, ఆడ డేరాల ఒక రాత్రి, తెల్లారి బియాస్ కుండ్. అది 12 వేల అడుగుల ఎత్తు. మా ఆమెకు తల నొచ్చింది. అరగంట కూసోబెట్టిన, నీళ్లు తాపిన, తగ్గినంకనే కదిలినం. తల నొస్తుంటే పంతానికి ఎక్కొద్దు. తగ్గకుంటే దిగుడే మందు, గోలీ మింగి పైకి పోవుడు కాదు. ఈ ముక్క ఆడ సగం మంది గైడ్లు చెప్పరు, వాళ్లకు టైముకు శిఖరం చూపియ్యాలె, పైసలు తీసుకోవాలె.

పిల్లలు పరుగుపరుగున ఎక్కిన్రు. మన భువనగిరి గుట్ట మీద రాయి ఎక్కుడు నేర్చుకున్న మాలావత్ పూర్ణ, గురుకులం పిల్ల, 14 ఏండ్లు నిండకముందే 2014 మే 25న ఎవరెస్టు ఎక్కింది. ఆ సంగతి దారి పొడుగునా చెప్పుకుంట నడిపిచ్చిన. మా బిడ్డ చివరికి "డాడీ, ఆమె పేరు ఇంకొక్కసారి తీస్తే నేను ఈడనే కూసుంట" అన్నది. మొత్తానికి గెలిచినం. మా బామ్మర్దికి దారిల మూడుసార్లు ఆయాసమొచ్చింది, నేను వాట్సాప్‌ల వాని ఫొటో పెట్టిన. వాడు ఒక్కమాట అనలే. దాసిపెట్టుకున్నడు.

ఇగ ఈ సంక్రాంతికి "బావా, మంచుల స్కీయింగ్ చేద్దామా?" అని అడిగింది వాడే. "ఏముందిరా అండ్ల, జారుడే కదా" అన్న. ఈసారి చెర్వుగట్టు లేదు, మెట్లు లేవు, ఏ తయారీ లేదు.

సెలవులు, టికెట్లు తిప్పలు లేకుండ అయినయి. ఢిల్లీల పొగమంచుకు విమానం మూడు గంటలు లేటు, ఆడికెల్లి రాత్రి బస్సు.

మండి దాటినంక బియాస్ నది రోడ్డు పక్కపొంటే వస్తది. మా పిల్లలు ఫొటోలకు దిగుదామన్నరు. నేను కిటికీ అద్దం కూడ తెరవనియ్యలే. 2014 జూన్ 8న పైన డ్యామ్ నీళ్లు వదిలితే, రాళ్ల మీద ఫొటోలు దిగుతున్న హైదరాబాద్ ఇంజనీరింగ్ విద్యార్థులు 24 మంది కొట్టుకపోయింది ఈ నదిలనే. పుత్రశోకంల వసిష్ఠుడు ఒంటికి తాళ్లు కట్టుకొని దునికితే, ఆ పాశాలు తెంపి ఒడ్డుకేసిన విపాశ ఇదేనని భారతంల ఉన్నది. చస్తనన్న ఋషిని చావనియ్యలే, నవ్వుకుంట నిలబడ్డ పిల్లల్ని తీసుకపోయింది. పైన డ్యామ్ ఉన్న నదిల మోకాలి లోతు నీళ్లే ఉన్నా సరే, మీ పిల్లల్ని దిగనియ్యకుండ్రి. ఇంతకంటే ఎక్కువ చెప్ప.

ఇగ మా ఏజెంటు. పేరెందుకు గాని, మా ఊరాయననే. ప్యాకేజీ కాయితంల "స్కీయింగ్" అని రాసిండు. సోలంగ్ పోయినంక తెలిసింది దాని అర్థం. ఒకాయన మీ కాళ్లకు స్కీలు, అంటే మంచు మీద జారే పొడుగు పట్టీలు తొడిగి, రెండు చేతులు పట్టుకొని ఇరవై అడుగులు గుంజుతడు, ఫొటో తీస్తడు, అయిపాయె. ఫోన్ చేస్తే "సార్, అందరు దానికే సంతోషపడ్తరు" అన్నడు. నేర్పించే మనిషికి రెండు గంటలకు మళ్ల వేరే కట్టుకున్నం. మీరు పోతే కాయితంల ఎన్ని గంటలు, నేర్పేటాయన ఉంటడా లేడా, సామాన్లెవరివి అని రాయించుకోండ్రి. నిజంగ నేర్వాలనుకునే పిల్లగాండ్లుంటే మనాలిల వాజ్‌పేయి పేరు మీద పర్వతారోహణ సంస్థ ఉన్నది, రెండు వారాల స్కీ కోర్సు పెడ్తరు. మంచు పడ్తదా లేదా అన్నది మాత్రం ఎవ్వరి చేతుల లేదు. సంక్రాంతికి సోలంగ్‌ల నేల కనబడే ఏండ్లు కూడ ఉంటయి. జనవరి ఆఖరు, ఫిబ్రవరి నయం. మేం పోయే రెండు దినాల ముందు పడ్డది, నా గాచారం.

కిరాయి బట్టల దుకాణం కాడ డ్రైవర్ బండి ఆపిండు. వేరే దుకాణం కాడ ఆపమంటే ఆపడు, కమీషన్. మా ఆమె పంజాబీ డ్రెస్సు మీదికెల్లి మంచుల వేసుకునే ఎర్ర వదులు డ్రెస్సు తొడిగి అద్దంల చూసుకొని పావుగంట నవ్వింది. ఆ నవ్వు అప్పటికి బాగుండె.

స్కీ బూటు సంగతి ఎవ్వరు చెప్పరు, వినుండ్రి. కాలికి సిమెంటు దిమ్మె కట్టినట్టుంటది. పైన గట్టి ప్లాస్టిక్ డొప్ప, ముందర బకిళ్లు. సైజు మన 8, 9 నంబర్ల లెక్క ఉండదు, పాదం పొడుగు సెంటీమీటర్లల్ల చూస్తరు. నేను వెచ్చగుంటదని గడియారం సెంటర్ల కొన్న ఉన్ని సాక్సులు రెండు జతలు వేసుకున్న, ట్రాక్ ప్యాంటు కూడ బూటు లోపటికి దోపిన. రెండూ తప్పే. సన్న సాక్సు ఒక్కటే వెయ్యాలె, ప్యాంటు మడత లోపల ఉండొద్దు. అంత మందం మీద బకిళ్లు బిగిస్తే నెత్తురు ఆడలే, పది నిమిషాలల్ల వేళ్లు మొద్దుబారినయి. ఆ కాళ్లతోటి నేను రోబోలెక్క నడుస్తుంటే మా కొడుకు నా వెనక అట్లనే నడుసుకుంట వచ్చిండు.

బూటు ముందు కొన స్కీ మీది బైండింగుల, అంటే బూటును పట్టుకునే బిగింపుల పెట్టి మడమ గట్టిగ నొక్కితే టక్కుమని పడ్తది. నాది పడలే. ఐదారుసార్లు తొక్కిన. బూటు కింద మంచు గడ్డకట్టి ఉంటే పట్టదంట, చేతిల ఉండే స్కీ కర్రతోటి గీకాలంట. మనం పడ్డప్పుడు కాలు మెలికవడకుండ ఆ బైండింగు దానంతట అదే ఊడాలె. ఎంత బలానికి ఊడాలన్నది మనిషి బరువు, ఎత్తు, వయసు, ఆట ఎంతొచ్చు అని చూసి స్క్రూ తిప్పి పెట్టాలె. నన్ను ఎవ్వడు ఏదీ అడగలే. నాకంటే ముందు అది ఎవరు తొడిగిన్రో, ఆయనకు పెట్టిందే నాకు. నా మోకాలి బ్యాండేజీ కథ అది. మీరు మాత్రం నోరు తెరిచి బరువు చెప్పుండ్రి, సిగ్గుపడొద్దు.

నేర్పేటాయన మంచోడే, కాని ఒకేసారి మూడు జట్లను పట్టుకున్నడు. నా హైదరాబాదీ హిందీల "నక్కో" వినంగనే ఆయనకు నవ్వాగలే. రెండు ముక్కలు చెప్పిండు. ముందు కొనలు దగ్గరికి, మడమలు దూరం, గుడిసె కప్పు లెక్క పెడితే వేగం ఆగుతది, దాన్ని వాళ్లు పిజ్జా అంటరు. "ఆగే ఝుకో సర్‌జీ", ముందుకు వంగు. నేను "తెలుసు, స్పోర్ట్స్ టీచర్‌ని" అన్న. ఆయన నా ముఖం చూసి పక్క జట్టు కాడికి పోయిండు.

జారిన. నాలుగు గజాలు. భయంతోటి వెనక్కి వంగిన. వెనక్కి వంగితే ముందు భాగం మంచును పట్టుకోదు, బండికి బ్రేకు పోయినట్టు ఉరుకుతది. బత్తాయి లోడు లారీ మలుపుల బోల్తా పడ్డట్టు పడ్డ. మోకాలు అప్పుడే మెలికవడ్డది, ఎడమ స్కీ ఊడలే.

పడుడు ఏముంది, అందరు పడ్తున్నరు. లేసుడే రాలే.

చేతులు ఆనిస్తే మంచులకు మోచేతి దాక దిగినయి. కర్రలు పొడిచి లేవబోతే స్కీలు కిందికి జారి మళ్ల కూలబడ్డ. బోర్లా తిరుగుదామంటే రెండు స్కీలు అడ్డం. ఎద్దుల బండి కాడి కాళ్లకు కట్టుకొని బొర్లినట్టున్నది. మూడోసారికి ఊపిరి అందలే. అది ఎనిమిది వేల అడుగుల పైచిలుకు ఎత్తు, 92 కిలోలు. చుట్టు చూస్తే మ్యాగీ బండి కాడ జనం ప్లేట్లు పట్టుకొని నన్నే చూస్తున్నరు. నాలుగేండ్ల పోరడొకడు పడ్డడు, లేచిండు, మళ్ల పడ్డడు, మళ్ల లేచిండు, నా పక్కకెల్లే మూడుసార్లు పోయిండు. మా ఆమె మొదలు నవ్వింది, తర్వాత గాబరాపడ్డది, తర్వాత "జర పక్కకన్న జరుగు, దారి మీదున్నవ్" అన్నది.

ఇరవై ఐదేండ్ల నుంచి గ్రౌండ్ల పడ్డ ప్రతి పిల్లగాన్ని "ఏడ్వకు, లే, దులుపుకో" అన్నోన్ని నేను. ఎట్ల లేవాల్నో ఒక్కనికి కూడ చెప్పలేదని ఆ మంచుల పండుకొని యాదికొచ్చింది. కొంతమందికి నిజంగనే కాలు నొచ్చి ఉంటది.

మా బామ్మర్ది ఫోన్ పట్టుకొని పది అడుగుల దూరంల నిలబడ్డడు. "బావా, లే లే, కబడ్డీ కబడ్డీ" అనుకుంట తీస్తున్నడు. పన్నెండు నిమిషాల వీడియో అది. చుట్టాల గ్రూపుల పెట్టిండు. వాని దోస్తు మా స్కూల్ల లెక్కల సారు. ఇంకేం చెప్పాలె.

మొత్తం నలభై నిమిషాలైంది. అప్పటికి మా బిడ్డ పైకెల్లి మెల్లగ జారుకుంట వచ్చి నా ముందర ఆగింది. ఆగుడు కూడ వచ్చేసింది దానికి. "డాడీ, నీ స్కీలు కిందికి చూస్తున్నయి, అందుకే జారుతున్నయి. రెండూ వాలుకు అడ్డం తిప్పు, నీ కంటే కింది దిక్కు ఉండాలె. మోకాళ్లు మడువు, పక్కకొరిగి చెయ్యి ఆనిచ్చి లే." నేను గ్రౌండ్ల విజిల్ మెడల వేసుకొని మాట్లాడే గొంతే అది. రాకుంటే కర్ర కొనతోటి మడమ దగ్గరి మీట నొక్కి స్కీ ఊడదీసుకోవచ్చంట కూడ. నలభై నిమిషాలు ఆ మీట నా కాలు కాడనే ఉండె.

లేచిన. ఎవరో చప్పట్లు కొట్టిన్రు. అది ఇంకా ఘోరం.

ఆ రాత్రి రూముల ఎవ్వరితోటి మాట్లాడలే. వేడినీళ్లల్ల కాళ్లు పెట్టుకొని కూసున్న. తెల్లారి అందరు అటల్ టన్నెల్ దాటి సిస్సు పోదామన్నరు. 2020 అక్టోబర్ 3న తెరిచిన 9 కిలోమీటర్ల సొరంగం అది, ఈ పక్క దేవదారు చెట్లు, ఆ పక్క బయటపడితే ఉత్త తెల్ల కొండలు. మంచు కోసం అందరు పోయే రోహ్‌తాంగ్ కనుమ చలికాలం మూసే ఉంటది. ఎండాకాలం పోతే మీ బండికి పర్మిట్ కావాలె, దినానికి లెక్క కట్టి ఇస్తరు, మంగళవారం బంద్. చూసేదుంటే సొరంగం అవతల చూడండ్రి, పర్మిట్ గొడవ లేదు. నేను మోకాలు నొప్పని చెప్పి పోలే.

వాళ్ల బండి పోంగనే ఆటో మాట్లాడుకొని సోలంగ్ పోయిన. మోకాలికి బ్యాండేజీ, సన్న సాక్సు ఒక్క జత, బయటికి దించిన ప్యాంటు. దుకాణంల నిలబడి 92 కిలోలని గట్టిగ చెప్పి స్క్రూ తిప్పిచ్చిన. మొదటి గంట జారుడు లేదు, ఉత్త పడుడు లేసుడే. కావాలని పడ్డ, అడ్డం తిప్పిన, లేచిన. పదిహేనుసార్లు. రెండో గంటల గుడిసె కప్పు పెట్టి, కబడ్డీ కూతకు పోయేటప్పటి తీరుగ మోకాళ్లు మడిచి ముందుకొరిగిన. నేనే ముందుగాల గుర్తుపట్టాల్సింది, నిలబడే తీరు అదే. ముప్పై గజాలు పడకుండ పోయిన. నేర్పే సారు "బహుత్ బఢియా సర్‌జీ" అన్నడు.

ఫోన్ అంగీ లోపలి జేబుల ఉండె, చలికి బ్యాటరీ సచ్చింది. రాత్రి బువ్వ తినేటప్పుడు ఈ ముచ్చట చెప్తే మా బామ్మర్ది పప్పు కలుపుకుంట, "వీడియో ఉన్నదా బావా?" అన్నడు.