లెట్రిన్‌కు లోన్ అడిగితే బర్రె అని రాసుకురమ్మన్నారు

నిన్ననే మేస్త్రికి చివరి పైసలు ఇచ్చాం. లెట్రిన్, పక్కన స్నానాల గది, పైన ట్యాంకు, గేటు దగ్గరున్న మిషన్ భగీరథ నల్లా నుంచి అక్కడిదాకా పైపు, అన్నీ అయిపోయాయి. మాది పరకాల వైపు పల్లె. మహిళా పొదుపు సంఘం లోన్‌తో ఇట్లాంటి పని చేసుకుందామనుకునే ఆడవాళ్లు చాలామంది ఉంటారు, బ్యాంకులో పడ్డ మాటలు ఇంకా చెవుల్లో ఉండగానే రాస్తున్నాను.

స్వచ్ఛ భారత్ కింద 12,000 ఇస్తుంటే లోన్ ఎందుకని అడిగేవాళ్లున్నారు. మేం వేరుపడ్డాక కొత్త కుటుంబంగా మా పేరు లిస్టులో ఎక్కిన మాట నిజమే. కానీ ఆ పైసలు కట్టుకున్నాక, ఫొటో తీసి ఎక్కించాక వస్తాయి. రింగులు, సిమెంటు, ఇసుక, కూలి అన్నీ ముందు మనమే పెట్టుకోవాలి. పైసలున్నవాళ్లకు అవి తిరిగొస్తాయి, లేనివాళ్ల పేరు లిస్టులోనే ఉండిపోతుంది. పైగా ఆ పైసలు ట్యాంకుకు, పైపుకు సరిపోవు. నీళ్ల సౌకర్యం లేక లెట్రిన్‌లో కట్టెలు వేసుకున్న ఇళ్లు మా వాడలోనే ఉన్నాయి. అందుకే నీళ్లకూ లెట్రిన్‌కూ కలిపి 40,000 అడిగాను. బయట మూడు రూపాయల వడ్డీకి తెస్తే మొదటి నెల వడ్డీకే 1,200 పోతుంది, మా సంఘంలో రూపాయి వడ్డీ కాబట్టి 400.

లోన్ అనగానే మా అత్తమ్మ భయపడింది. 2010కి ముందు మైక్రో ఫైనాన్స్ వాళ్లు వారం వారం కిస్తీకి వచ్చి గడపలో కూర్చోవడం ఆమె చూసింది. ఆ ఏడాది అక్టోబరులో ప్రభుత్వం ఆర్డినెన్స్ తెచ్చి వాళ్లకు ముకుతాడు వేసింది గానీ, ఆ భయం ఆమెకు పోలేదు. ఇది మన సంఘమే, నెలకోసారే కిస్తీ అని కూర్చోబెట్టి చెప్పాక, "నా మోకాళ్లు చెరువు కట్ట ఎక్కనిస్తలేవు బిడ్డా, తీసుకో" అంది.

సంఘం మీటింగ్‌లో తీర్మానం ఒక్క పూటలో అయిపోయింది. సంఘానికి పైసలు ఇచ్చేది బ్యాంకే కాబట్టి, అసలు కథ అక్కడ మొదలైంది.

మా బ్యాంకు పేరు రాయను. పంట లోన్ల రోజులు, లోపల నిండా మగవాళ్లే. మా లీడర్ అక్క, నేను, ఇంకో ఇద్దరం కాగితాలు పట్టుకుని నిలబడ్డాం. లోన్లు చూసే సార్ ఎవరెవరికి ఎందుకు కావాలో రాసిన కాగితం చదువుతూ, కిరాణా సరే, కుట్టుమిషను సరే అంటూ నా పేరు దగ్గర ఆగాడు. "ఇదేంది, లెట్రినా? లెట్రిన్‌లో ఏమొస్తదమ్మా? కిస్తీ దేంతోని కడతవు?" అని హాలంతా వినబడేటట్టు అడిగాడు. వెనక ఎవరో నవ్వారు. నేను కుట్టుపని చేస్తాను, మా ఆయన ఆటో నడుపుతాడు, కిస్తీ దాంతో కడతాం అని చెప్తుంటే కూడా వినలేదు. "ఇన్నేండ్లు ఎక్కడికి పోయిండ్రు మరి?" అన్నాడు. ఊరివాళ్లు, మా బావ వరసైనవాళ్లు ఉన్నారక్కడ. నాకు తల ఎత్తబుద్ధి కాలేదు. ఆ తర్వాత గొంతు తగ్గించి, సాయం చేస్తున్నట్టు, "బర్రె అని రాసుకొని రండి, చూద్దాం" అన్నాడు.

ఒక ఆడమనిషి చీకటి పడేదాకా కడుపు బిగబట్టుకోవడం ఆయన దృష్టిలో ఖర్చు కాదు. నీళ్లు తాగితే వెళ్లాల్సి వస్తుందని ఎండాకాలం కూడా నీళ్లు తాగకుండా ఉండి మూత్రం మంట తెచ్చుకుని మేం ఆసుపత్రిలో పెట్టే పైసలు ఖర్చు కాదు. ట్రాక్టర్ తీసుకుని కిస్తీలు ఎగ్గొట్టినవాళ్లకు మాత్రం అదే ఆఫీసులో కుర్చీ వేస్తారు. మా సంఘం ఒక్క కిస్తీ తప్పలేదు, అది రాసుకోండి.

బర్రె అని రాయనన్నాను. రేపు బర్రె ఏదని అడిగితే మాట పడేది నేనే కదా. మా లీడర్ అక్క కూతురు డిగ్రీ చదువుతోంది. బ్యాంకులు ముందుగా లోన్ ఇవ్వాల్సిన పనులు ఏవో చెప్పే రిజర్వ్ బ్యాంకు ప్రాధాన్య రంగ నిబంధనల్లో ఇంటి మరుగుదొడ్డి కట్టుకోవడం, బాగుచేసుకోవడం, ఇంటి నీటి వసతి కూడా ఉన్నాయని ఆ పిల్లే వెతికి, ఆ పేజీ ప్రింటు తీసిచ్చింది. ఈసారి ఊళ్లోని పొదుపు సంఘాలన్నీ కలిసిన గ్రామ సంఘం అధ్యక్షురాలిని కూడా తీసుకెళ్లి, ఆ కాగితం సార్ ముందు పెట్టి, అదే హాల్లో, అంతే గట్టిగా చదివి వినిపించాను. నా జీవితంలో ఆఫీసులో అంత గట్టిగా మాట్లాడింది అదే మొదటిసారి, ఇప్పటికీ గర్వంగానే ఉంది. "నేను వద్దన్నానా" అంటూ సంతకం పెట్టాడు. పైసలు సంఘం ఖాతాలో పడ్డాయి.

కట్టడంలో గొడవ మేస్త్రితోనే. లోతుగా ఒకటే గుంత తవ్వి అడుగున సిమెంటు చేస్తానన్నాడు. ఒప్పుకోకండి. అది నిండితే ట్యాంకర్ పిలవాలి, దానికి మళ్లీ పైసలు. రెండు గుంతలు కావాలి, మధ్యలో కనీసం మీటరు దూరం ఉండాలి, అడుగు మట్టే ఉండాలి, నీళ్లు ఇంకాలి కదా. ఒకసారి ఒక గుంతే వాడాలి. అది నిండితే గుంతల ముందుండే చిన్న తొట్టిలో దారి మార్చి రెండోది వాడుకుంటాం, మొదటిది ఏడాదికి పైగా మూసి ఉంచితే ఎరువవుతుంది. రెండింటికీ ఒకేసారి నీళ్లు వెళ్లేలా కలిపేస్తే రెండు గుంతలు తవ్వి లాభమే లేదు, మా వీధిలో చాలామందికి అట్లనే కట్టిపోయాడు. బోరు, బావి ఉంటే పది మీటర్ల దూరం చూసుకోండి. పల్లెల కోసం చేసిన ఏటవాలు ఎక్కువున్న బేసిన్ అడిగి తీసుకోండి, రెండు లీటర్ల నీళ్లు చాలు. అత్తమ్మ మోకాళ్ల కోసం గోడకు ఇనుప పట్టీ బిగించి, కూర్చోవడానికి మధ్యలో రంధ్రమున్న కుర్చీ పరకాలలో కొన్నాం.

ఫొటో తీసుకుపోయారు, 12,000 ఇంకా పడలేదు. పడగానే సంఘంలో అసలుకే కట్టేస్తాను. మా ఎదురింటి వదిన వచ్చే మీటింగ్‌లో అడుగుతానంటోంది. ఆ ప్రింటు కాగితం ఆమెకే ఇచ్చాను, బ్యాంకుకు నేనూ వెంట వెళ్తున్నాను.