గట్ క్యాప్సూల్ కావాలా, ముందు ఇది చదవండి

రాయగడలో మా మందుల షాపుకొచ్చి ఈమధ్య "గట్ క్యాప్సూల్ ఉందా" అని (కడుపుకి మంచి చేసే బ్యాక్టీరియా నింపిన క్యాప్సూల్ అన్నమాట) అడిగేవాళ్ళు ఎక్కువైపోయారు, కొందరు తెలుగులో కొందరు ఒడియాలో అడుగుతారు గానీ చూసిన రీల్ మాత్రం ఒకటే, కడుపులో బ్యాక్టీరియా బాగుపడితే డిప్రెషన్ పోద్దని.

అందులో నిజం లేదా అంటే ఉంది. మూడ్‌తో సంబంధం ఉన్న సెరొటోనిన్ అనే రసాయనం ఒంట్లో దాదాపు 90 శాతం పేగుల్లోనే తయారవుద్ది, కానీ అది రక్తంలోంచి మెదడులోకి దాటదు, మెదడుకి కావాల్సింది మెదడే చేసుకుంటాది, ఈ ముక్క రీల్‌లో చెప్పరు. పేగుకీ మెదడుకీ మధ్య వేగస్ నరం ఉంది, 2011లో ఐర్లండ్‌లో లాక్టోబాసిల్లస్ అనే మంచి బ్యాక్టీరియాలో ఒకరకం ఎలకలకి పెడితే బెదురు తగ్గింది, ఆ నరం కోసేసిన ఎలకల్లో మాత్రం ఏ తేడా లేదు. అబ్బో అనుకున్నారంతా. తర్వాత అదే బ్యాక్టీరియా మగవాళ్ళకిచ్చి చూస్తే స్ట్రెస్ ఏం తగ్గలేదు! అందుకే ఆ ఖరీదైన డబ్బా తీసిచ్చినప్పుడల్లా నాకు నోరు దురద పుడతాది, ఓనరు పక్కనే ఉంటారు కాబట్టి ఊరుకుంటా.

తిండి సంగతి వేరు. 2017లో ఆస్ట్రేలియా ట్రయల్ ఒకటొచ్చింది, డిప్రెషన్ ఉన్న 67 మందిలో సగం మందికి 12 వారాలు డైటీషియన్ దగ్గరుండి కూరగాయలు, పప్పులు, చేపలు, ముడి ధాన్యాలు తినడం అలవాటు చేశారు, మిగతా సగానికి కూచుని మాట్లాడే తోడు ఇచ్చారు. తిండి మారినవాళ్ళలో మూడోవంతు దాకా కోలుకున్నారు, రెండో జట్టులో 8 శాతమే. చిన్న ట్రయలే, పైగా వాళ్ళలో ఎక్కువమంది మందులో కౌన్సెలింగో ఆపకుండానే చేశారు, అది మర్చిపోకండి. పీచు తిన్న బ్యాక్టీరియా బ్యూటిరేట్ లాంటి ఆమ్లాలు చేసి పేగు గోడని కాపాడతాది, దానికి విదేశీ తిండే అక్కర్లేదు, మనకి చోడి అంబలి, ఉలవలు, ఆకుకూరలు లేవా ఏటి. చద్దన్నం, పఖాళొ కూడా మంచివే, షుగరున్నవాళ్ళు మాత్రం గిన్నెడు లాగించకండి.

అసలు నేను చెప్పాలనుకున్నది ఇంకోటి. మొన్న ఒకాయన డిప్రెషన్ బిళ్ళల స్ట్రిప్ తెచ్చి కౌంటర్ మీద పెట్టాడు, మూడే వాడాడు, "వేడి చేసిందమ్మా, కడుపంతా తిప్పుతోంది, ఇది వాపసు తీసుకుని ఆ గట్ క్యాప్సూల్ ఇయ్యి" అని. వేడి కాదు బాబూ, ఆ బిళ్ళ సెరొటోనిన్ మీద పనిచేస్తాది, సెరొటోనిన్ ఉన్నదే ఎక్కువ పేగుల్లో, అందుకే మొదట్లో వికారం, విరోచనాలు, చాలామందికి ఒకట్రెండు వారాల్లో సర్దుకుంటాయి, మనసుకి గుణం కనపడ్డానికి ఇంకా టైం పడతాది. అన్నం తిన్నాక వేసుకోండి, తగ్గకపోతే రాసిన డాక్టర్‌కే ఫోన్ చెయ్యండి, మీ అంతట మీరు ఆపకండి.

కత్తిరించిన స్ట్రిప్ ఎలాగూ వాపసు తీసుకోం.