క్రియ ఎక్కడుందో చూడు పాపా

అనంతపురం సప్తగిరి సర్కిల్ దగ్గర నాది చిన్న జిరాక్స్ షాపు. ఏ పరీక్షల సీజన్ నడుస్తోందో క్యాలెండర్ చూడకుండానే చెప్పగలను. పోలీసు నోటిఫికేషన్ పడితే ఒకరకం కాగితాలు వస్తాయి, డీఎస్సీ అయితే ఇంకోరకం. కొన్నేళ్లుగా సీయూఈటీ అని కొత్త గిరాకీ తోడైంది. సెంట్రల్ యూనివర్సిటీల్లో డిగ్రీ సీట్ల కోసం 2022లో మొదలైన పరీక్ష అది. బుక్కరాయసముద్రం మండలం జంతలూరులో మనకే ఒక సెంట్రల్ యూనివర్సిటీ ఉంది కాబట్టి ఇక్కడి పిల్లలకు దానిమీద ఆశ. మా చెల్లెలూ ఈసారి రాస్తోంది.

ఇంటర్ రెండేళ్లూ మన పిల్లల ధ్యాసంతా ఎంసెట్ మీదే. (పేరు ఈఏపీసెట్‌గా మారినా మా షాపులో అలా అడిగినవాళ్లు లేరు.) అందులో 160 ప్రశ్నలుంటే ఇంగ్లిష్ ఒక్కటీ ఉండదు. ఇక ఇంగ్లిష్ ఎవరు చదువుతారు? పాసైతే చాలు. అలాంటి పిల్లల ముందుకు సీయూఈటీ ఇంగ్లిష్ పేపర్ వస్తుంది. 2025 నుంచి 50 ప్రశ్నలు, 60 నిమిషాలు, 250 మార్కులు, అన్నీ రాయాల్సినవే. ప్యాసేజీలు చదవాలి, కలగాపులగంగా ఇచ్చిన వాక్యాలను వరసలో పెట్టాలి, ఖాళీలో సరైన పదం పెట్టాలి, పర్యాయపదాలు, వ్యతిరేక పదాలు గుర్తుపట్టాలి.

టెన్షన్ పడి అందరూ ముందు చేసే పని, వెయ్యి పదాల బుక్‌లెట్ జిరాక్స్ తీసుకోవడం. ‘ఎ’ నుంచి ‘జడ్’ దాకా వరసగా ఉంటాయి పదాలు. సీజన్ అయిపోయాక ఆ బుక్‌లెట్లే పాత పేపర్లతో కలిసి పక్కనున్న బజ్జీల బండికి చేరతాయి. తిరగేసి చూస్తుంటాను. పెన్నుతో గీసిన గీతలు ‘సి’ అక్షరం దాటిన బుక్‌లెట్ నాకింతవరకు కనపడలేదు. అమ్ముకునేవాణ్ని నేనే అనుకోండి, చెల్లెలికి మాత్రం తీసివ్వలేదు.

మా ఇద్దరిదీ పదో తరగతి దాకా తెలుగు మీడియం. మా అసలు చిక్కు పదాలు కాదని ఒక వాక్యం దగ్గర తెలిసింది. నేనే రాసిచ్చాను: ‘ద ఫార్మర్ హూ సోల్డ్ హిజ్ గ్రౌండ్‌నట్ టు ద ట్రేడర్స్ లాస్ట్ మండే హ్యాజ్ నాట్ బీన్ పెయిడ్.’ డబ్బు అందనిది ఎవరికి అని అడిగితే ‘ట్రేడర్స్‌కి’ అంది. ఇందులో తెలియని పదం ఒక్కటీ లేదు. శెనక్కాయ అమ్మి డబ్బు రాని రైతులు మా ఇంట్లోనే ఉన్నారు! అయినా తప్పు పోయింది. తెలుగులో మనం క్రియ కోసం వాక్యం చివరిదాకా ఓపిగ్గా ఆగుతాం. ఇంగ్లిష్‌లో అది మధ్యలోనే వచ్చేస్తుంది. పైగా కర్తకూ క్రియకూ మధ్య ఇంకో చిన్న వాక్యం దూరుతుంది. అప్పుడు దగ్గర్లో కనపడిన మనిషికే క్రియను తగిలించేస్తాం.

అందుకని ఇప్పుడు మా పద్ధతి ఒకటే. పెన్సిల్ పట్టుకుని ప్రతి వాక్యంలో అసలు క్రియకు సున్నా చుట్టాలి, అది ఎవరిదో వాళ్ల కింద గీత గీయాలి. ‘క్రియ ఎక్కడుంది పాపా?’ అని నేను, ‘ఉండన్నా, చూస్తున్నా’ అని తను. ఈ ఒక్క అలవాటుతో గ్రామర్‌లో సగం దానంతటదే సర్దుకుంది. ‘ద లిస్ట్ ఆఫ్ స్టూడెంట్స్’ తర్వాత ‘ఈజ్’ రావాలా ‘ఆర్’ రావాలా? గీత లిస్ట్ కింద పడుతుంది కాబట్టి ‘ఈజ్’. ‘వన్ ఆఫ్ మై ఫ్రెండ్స్’ కూడా అంతే.

వాక్యాల వరసకు ఇంకో కిటుకు. కొత్తగా పరిచయమయ్యే వస్తువు ముందు ‘ఎ’ ఉంటుంది, అదే వస్తువు మళ్లీ వస్తే ‘ద’. ‘ఎ బస్ స్టాప్డ్’ అన్నది ముందు, ‘ద బస్ వాజ్ ఎంప్టీ’ అన్నది తర్వాత. ‘హి’, ‘దిస్’ లాంటి మాటలతో మొదలయ్యే వాక్యం మొట్టమొదటిది కావడం అరుదు. ఆర్టికల్స్ మీద పేజీలకు పేజీల రూల్స్ బట్టీ పట్టినప్పుడు తలకెక్కనిది, ఇలా వరస పెట్టే పనిలో తేలిగ్గా ఎక్కింది. ప్రిపొజిషన్లు మాత్రం క్రియతో కలిపి నోటికి రావాల్సిందే. ‘డిపెండ్ ఆన్’, ‘కన్సిస్ట్ ఆఫ్’. ‘డిస్కస్’ పక్కన ‘అబౌట్’ అక్కర్లేదు. ఇక్కడ కిటుకులేమీ లేవు.

చదవడానికి ఇంగ్లిష్ పేపర్లో ఎడిటోరియల్ చదవమని ప్రతివాళ్లూ చెబుతారు. మొదట్లోనే అది వద్దు. పొద్దున తెలుగు పేపర్లో చదివిన వార్తనే ఇంగ్లిష్ పేపర్లో వెతుక్కోవాలి. తుంగభద్ర ఎగువ కాలువకు (హెచ్చెల్సీకి) నీళ్లు ఎప్పుడు వదులుతారో తెలిసిన పిల్లకు ఆ వార్త ఇంగ్లిష్‌లో సగం ముందే అర్థమవుతుంది. తెలియని పదం ఎదురైనా విషయాన్నిబట్టి పోల్చుకుంటుంది. ఆ పదాన్ని వాక్యంతో సహా నోట్‌బుక్‌లో ఎక్కించుకుంటే చాలు. కథల ప్యాసేజీలు ఇలా లొంగవు. వాటికి వేరే సాధన కావాలి, ఇంకా అక్కడిదాకా రాలేదు.

ఇక అందరూ భయపడే నెగటివ్ మార్కులు. ఒప్పుకు 5, తప్పుకు 1 కోత. ఎంసెట్‌లో కోత లేదు కాబట్టి అన్నీ పెట్టి వస్తారు, ఇక్కడికొచ్చేసరికి చేతులు ముడుచుకుంటారు. లెక్క వేసి చూడండి. ప్రశ్నకు నాలుగు ఆప్షన్లు కాబట్టి, నాలుగు ప్రశ్నలకు గుడ్డిగా పెడితే సగటున ఒకటి తగిలి 5 వస్తాయి, మూడు పోయి 3 కోత పడుతుంది. ఇంకా 2 మిగిలే ఉన్నాయి. ఒక్క ఆప్షన్ తప్పని ఖాయంగా తెలిసినా లాభం పెరుగుతుంది. వదిలేస్తే సున్నా.

ఈ లెక్క మా నాయనకు చెబితే, ‘నాలిగిట్లో మూడు పోగొట్టుకునేదానికి ఇద్దరూ కూర్చుని చదవాల్నా?’ అన్నాడు.