బల్ల మీద టకటక

జర్మనీలో మాస్టర్స్ మొదటి వారం. టైమ్‌టేబుల్లో '10 సి.టి.' అని చూసి సరిగ్గా పదికే వెళ్లా. హాల్లో నరమానవుడు లేడు. సి.టి. ఉంటే పావుగంట ఆగి మొదలెడతారట, అదీ లాటిన్ మాట! లెక్చర్ అవగానే అందరూ పిడికిళ్లతో బల్లలు టకటకా కొట్టారు. గొడవేమో అని బ్యాగ్ సర్దుకున్నా. చప్పట్లకు బదులట అది.

మా కోర్సులో అటెండెన్స్ లేదు, మిడ్స్ లేవు. మార్కులన్నీ చివరి పరీక్షకే. బీటెక్‌లో 75 శాతం హాజరు లేక కండోనేషన్ ఫీజు కట్టినవాణ్ణి, పండగ చేసుకున్నా. ఫిబ్రవరిలో దిగింది మత్తు: 4.0.

"పదికి నాలుగేనా నాన్నా?" అంది అమ్మ.

ఇక్కడ 1.0 టాప్, 4.0 అంటే బొటాబొటి పాస్ అని చెప్పా.

"అంటే తక్కువొస్తే గొప్పా? అదేం లెక్కరా!"